రికార్డుల అంగడి - తెలుగు పద్యము

గ్రంథాలయము మూతపడినప్పుడు సాహిత్యలోకము విచారించును. గ్రామఫోను రికార్డుల అంగడి మూతపడినప్పుడు పాతపాటల అభిమానులు మాత్రమే నిట్టూర్చుదురు. 1948లో బొంబాయి కాలాఘోడాలో వెలసిన రిథమ్ హౌస్ 2016లో తలుపులు మూసినప్పుడు వినవచ్చిన విచారము ఈ రెండవ తరహాకు చెందినదే. కాని తెలుగువారికి ఇట్టి అంగడి ఒకానొక కాలమున పద్యసాహిత్యాన్ని ఇంటింటికి చేర్చిన చోటు.

మన దేశములో గ్రామఫోను ధ్వనిముద్రణము 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ మొదలగువారి గానముతో ఆరంభమైనది. 1908లో అక్కడి సియాల్దాలో రికార్డుల కర్మాగారము నెలకొన్నది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ లక్కపలక ఒక్కొక్క వైపున సుమారు మూడు నిమిషాల గానము మాత్రమే పట్టెడిది. విస్తారమైన రాగాలాపనకు ఆ వ్యవధి సంకెల. తెలుగు నాటకపద్యానికి మాత్రము అది సరిగా కుదిరిన కొలత. చిన్న ఆలాపన, నాలుగు పాదములు, చివర ఒక సాగుదల: అంతటితో పలక నిండెడిది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయముల పద్యములు, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర పద్యములు ఈ విధముగా రంగస్థలము దాటి, అక్షరము రానివారికి సైతము కంఠస్థమైనవి. తరువాతి కాలములో జంధ్యాల పాపయ్యశాస్త్రి 'పుష్పవిలాపము' ఘంటసాల గళము ద్వారా అదే దారిన నడచినది.

ఈ వ్యాప్తిలో విక్రేత పాత్ర చిన్నది కాదు. కారైకుడిలో తండ్రి నడిపిన అంగడిలో రికార్డులమ్మిన ఎ.వి. మెయ్యప్పన్, 1932లో భాగస్వాములతో కూడి మదరాసులో సరస్వతీ స్టోర్సు స్థాపించి, ఓడియన్ రికార్డుల వ్యాపారము చేసెను. పిమ్మట చలనచిత్ర రంగమున ప్రవేశించి 1940లో తెలుగు 'భూకైలాస్' నిర్మించెను. ప్రజలు ఏది అడుగుచున్నారో అంగడి బల్లవద్ద విన్నవాడే నిర్మాత కావడము ఆ యుగ లక్షణము.

లక్కపలక తరువాత లాంగ్‌ప్లే, ఆపై క్యాసెట్టు, కాంపాక్ట్ డిస్కు, నేడు అంతర్జాలము వచ్చినవి. ప్రతి మార్పుతోను కొంత గానము కొత్త రూపము దాల్చినది, తక్కినది వెనుకబడిపోయినది. సేకర్తల శ్రద్ధవలన పెక్కు పాత పద్యములు నేడు అంతర్జాలములో వినబడుచున్నవి. అందులకు వారికి కృతజ్ఞత చెప్పవలసినదే. అయినను గానము దొరకినంత మాత్రమున దాని చరిత్ర దొరకదు. ఏ పద్యమును ఏ ఊరివారు కోరి కొన్నారు, ఏది అమ్ముడుపోక మిగిలినది, కవి పేరడిగినవారెందరు, గాయకుని పేరడిగినవారెందరు? ఈ వివరములు అంగడి లెక్కల పుస్తకములోను, విక్రేత జ్ఞాపకములోను ఉండెడివి. తలుపు మూసిననాడు పలకలు పాతసామానుల వర్తకుని చేరును; లెక్కలు చిత్తుకాగితాలలో కలియును.

నాటకము ఎప్పుడు అచ్చయినదో మన సాహిత్య చరిత్రలు చెప్పుచున్నవి. అందులోని ఏ పద్యమును జనము తమదిగా చేసుకొన్నారో చెప్పుటకు రికార్డుల జాబితాలు, అంగళ్ల లెక్కలు కావలెను. అచ్చుపుస్తకానికి చేసిన గ్రంథసూచి ఈ నల్లపలకకును చేయవలసి ఉన్నది. మిగిలిన అంగళ్లు మూతపడకముందే ఆ పని జరుగుట మేలు.