పంచకళ్యాణి బేరం

గన్ క్లబ్ రోడ్డు దాటి తూర్పుకి వెళ్తే అరోరా ఊరు ఉన్నట్టుండి ఆగిపోతుంది. కొత్త ఇళ్ళ వరసలు ఒక కంచె దగ్గర అయిపోతాయి. ఆ తర్వాత అంతా గడ్డి మైదానం, గాలి. మీరు లాయం గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఏప్రిల్ నెల, శనివారం పొద్దున. కొలరాడోలో ఏప్రిల్‌ని నమ్మడానికి లేదు. మొన్న కురిసిన మంచు కంచె నీడల్లో ఇంకా కరగలేదు, ఎండ మాత్రం వీపు మీద చురుక్కుమంటోంది. పడమట రాకీ పర్వతాలు. ఎదురుగా కళ్యాణి.

ముదురు గోధుమరంగు ఒళ్ళు, నల్ల జూలు, నుదుటి నుంచి ముక్కు దాకా తెల్ల చార, నాలుగు కాళ్ళకీ తెల్ల మేజోళ్ళు తొడిగినట్టు మచ్చలు. రిజిస్ట్రేషన్ కాయితంలో ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరుంది. విజిటర్ వీసా మీద వచ్చిన మీ అమ్మగారు దీన్ని చూడగానే "ఓసినీ, ఇది పంచకళ్యాణే!" అన్నారు. అంతే, ఇంగ్లీషు పేరు కాయితంలోనే ఉండిపోయింది. 14 ఏళ్ళ క్వార్టర్ హార్స్, ఆడగుర్రం. మీ అమ్మాయి దీని మీదే స్వారీ నేర్చుకుంది, ఆగస్టులో కాలేజీకి వెళ్ళిపోతోంది. ఎక్కేవాళ్ళు ఉన్నా లేకపోయినా లాయం అద్దె నెలనెలా కట్టాలి, రోజుకి పది కిలోల దాకా ఎండుగడ్డి వెయ్యాలి. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని పెద్దలు ఊరికే అనలేదు. అందుకే ప్రకటన వేశారు: 8,500 డాలర్లు.

జేబులో ఫోను టింగుమంటుంది. ఎలిజబెత్ అనే ఊరావిడే. ఇదివరకే వచ్చి చూసి, ఎక్కి, నాలుగు గిట్టలూ ఎత్తి చూసి, ఔననీ కాదనీ చెప్పకుండా వెళ్ళిపోయిన మనిషి. అప్పట్నుంచీ మెసేజులే. పళ్ళు చివరిసారి ఎప్పుడు అరగదీయించారు? ట్రైలర్ ఎక్కడానికి మొరాయిస్తుందా? పక్కన తోడు గుర్రం లేకపోతే సకిలిస్తుందా? ఇవాళ్టి ప్రశ్న: కీళ్ళలో ఎప్పుడైనా ఇంజెక్షన్లు వేయించారా? మీకు విసుగొస్తుంది. అయినా ఉన్నదున్నట్టు టైపు చేస్తారు: "లేదు. చలి ఎక్కువున్న పొద్దుళ్ళలో వెనక కుడికాలు కాస్త బిగుసుకుంటుంది, పది నిమిషాలు నడిపిస్తే సర్దుకుంటుంది."

తొమ్మిదింటికి వస్తామన్నవాళ్ళు పదిన్నరకి వస్తారు. పికప్ ట్రక్కులోంచి మొగుడూ పెళ్ళాం, తొమ్మిదేళ్ళ పాప దిగుతారు. "నేను గుర్రాల మీదే పెరిగాను," అంటాడాయన చెయ్యి కలుపుతూ. సరే. మీరు కళ్యాణికి మాలీసు చెయ్యలేదు, జీను కట్టలేదు, కావాలనే ఆవరణలో వదిలేశారు. ముందే నాలుగు చుట్లు తిప్పి, అలసిపోయేలా చేసి, నిమ్మళంగా ఉన్న గుర్రాన్ని చూపించే అమ్మకందార్లున్నారు. కొనేవాడు తెలివైనవాడైతే వచ్చీ రాగానే గుర్రం ఛాతీ మీద చెయ్యి వేసి వెచ్చదనం చూస్తాడు. మీకు ఆ అనుమానం అక్కర్లేదు. పైగా ఇందులో మీకో లాభం కూడా ఉంది: గుర్రాన్ని పట్టుకు రమ్మంటే మనిషి తెలిసిపోతాడు.

ఆయన తాడు వెనక దాచుకుని నేరుగా తోక వైపు నుంచి నడుస్తాడు. కళ్యాణి చెవులు వెనక్కి వాల్చి పిరుదులు చూపిస్తుంది. చివరికి మీరే పట్టుకొస్తారు. మీరే ముందు ఎక్కుతారు కూడా. అమ్మేవాళ్ళు ఎక్కి చూపించని గుర్రాన్ని కొనేవాళ్ళు ఎక్కకూడదు. నడక, ట్రాట్, క్యాంటర్, కుడి చుట్టు, ఎడమ చుట్టు, ఆగడం. దిగి హెల్మెట్ అందిస్తారు. "నాకక్కర్లేదు," అంటాడు. లాయం గోడ మీద కొలరాడో చట్టం చెప్పినట్టు పెట్టిన బోర్డుంది: గుర్రాలతో సహజంగా ఉండే ప్రమాదాలకి నిర్వాహకులది బాధ్యత కాదని. అది చూసి కోర్టుకెళ్ళేవాళ్ళు ఆగుతారేమోగాని కిందపడేవాళ్ళు ఆగరు. "హెల్మెట్ లేకపోతే ఎక్కడం లేదండీ," అంటారు మీరు, నవ్వుతూనే.

పెట్టుకుంటాడు. ఎక్కీ ఎక్కగానే కళ్ళెం బిగబట్టి, మడమలతో డొక్కలో పొడుస్తాడు. కారులో బ్రేకూ యాక్సిలరేటరూ ఒకేసారి తొక్కినట్టు. కళ్యాణి తల విసిరి అడ్డంగా నడుస్తుంది. రెండోసారి పొడిచేలోపు మీరు వెళ్ళి పగ్గం పట్టుకుంటారు. "దిగండి." ఆయన ముఖం ఎర్రబడుతుంది. "దీనికి ట్రైనింగ్ లేదు. 8,500 చాలా ఎక్కువ." వాదించకండి. మీ అమ్మాయి ఇన్నేళ్ళు దీని మీద తిరిగిందని చెప్పాలని నాలుక చివరి దాకా వస్తుంది, మింగెయ్యండి. "మీకు సరిపడే గుర్రం కాదనుకుంటాను," అంటే చాలు. తప్పు గుర్రం మీదికి పోయినా ఫర్వాలేదు, మనిషి గేటు దాటాలి. కంచె దగ్గర పాప కారెట్ ఇవ్వొచ్చా అని అడుగుతుంది. ఆ ఇంట్లో గుర్రం కొనదగ్గ మనిషి ఆ పిల్లే. ముందు ఎక్కడైనా పాఠాలు చెప్పించమని తల్లితో చెప్తారు.

మళ్ళీ ఫోను. ఎవరో వేరే రాష్ట్రం నుంచి. చూడక్కర్లేదట, ధర తగ్గించక్కర్లేదట, ఎక్కువ మొత్తానికి క్యాషియర్ చెక్కు పంపుతాడట, పై డబ్బు వచ్చిన ట్రాన్స్‌పోర్టు మనిషికి ఇచ్చెయ్యమంటాడు. చెక్కు వేసిన ఒకటి రెండు రోజుల్లో బ్యాంకు డబ్బు చూపిస్తుంది, చెక్కు దొంగదని తేలేది ఆ తర్వాత. పోయేది మీ సొమ్ము. నంబరు బ్లాక్ చేసి ముందుకి పోదాం.

మధ్యాహ్నం వచ్చినవాళ్ళు మనవాళ్ళు. దూరం నుంచే తెలుస్తుంది, కారు దిగుతూనే కుర్రాడు "నమస్తే అక్కా" అంటాడు. భార్య, ఆరేళ్ళ కొడుకు, ముసలాయన. గుర్రం ఇంకా కనుచూపు మేరలో కూడా లేదు, బేరం మొదలైంది. "మనోళ్ళకి ఫైనల్ ఎంతకక్కా?" "అదే ధర తమ్ముడూ." "నాలుగు వేలకి చేసెయ్యండి. జీను కూడా ఇస్తారుగా?" మీకు కోపం రాదు, నవ్వొస్తుంది. కూరగాయల మార్కెట్లో పెరిగిన ప్రాణాలు మనవి.

గుర్రాల బేరంలో మనవైపు ఒకప్పుడు వేరే మర్యాద ఉండేది. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహుడు హొర్ముజ్, ఏడెన్ నుంచి గుర్రాలు తెచ్చే వర్తకులకి అడిగినంత ఇచ్చేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. వెయ్యి పర్దావు నాణేలకి మూడు గుర్రాలు, బతికున్నా చచ్చినా. సముద్రంలో చచ్చిపోతే తోక పట్టుకొచ్చి చూపిస్తే చాలు, ప్రాణంతో ఉన్న గుర్రానికిచ్చిన ధరే. అలాంటి కొనుగోలుదారు ఇప్పుడు అరోరాలో దొరకడు.

ముసలాయన బేరం పట్టించుకోవడం లేదు. మెల్లగా నడిచి, కళ్యాణి ఎడమ భుజం పక్కన నిలబడి, ముందు తన చెయ్యి వాసన చూడనిస్తాడు. తర్వాత పెదవి ఎత్తి పళ్ళు చూస్తాడు. "పన్నెండు దాటాయమ్మా?" "పద్నాలుగండీ." తలూపుతాడు. వాళ్ళ నాన్న నంద్యాలలో జట్కా తోలేవాడట. నుదుటి మీద సుడి వేలితో తడుముతాడు. "కళ్ళ మధ్యన ఒకటే. మంచిదే." మెడ మీద దేవమణి అనే సుడి కోసం వెతుకుతాడు. కొడుకు సిగ్గుపడిపోతూ "నాన్నా, ఇక్కడ అవన్నీ చూడరు" అంటాడు.

చూస్తారు, మరో రకంగా. ఈ రాష్ట్రంలోనే, ఉత్తరాన ఫోర్ట్ కాలిన్స్‌లో, కొలరాడో స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ టెంపుల్ గ్రాండిన్ 1995లో పశువుల నుదుటి సుళ్ళ మీద పరిశోధన ప్రచురించింది. కళ్ళకంటే పైన సుడి ఉన్న పశువులు బంధించినప్పుడు ఎక్కువ బెదిరాయని అందులో తేలింది. అదృష్టం సంగతి దేవుడెరుగు, సుడి చూసే అలవాటు మాత్రం ఒక్క నంద్యాల జట్కావాళ్ళదే కాదు. ఆ మాట చెప్తే ముసలాయన కొడుకు వైపు ఒక చూపు చూస్తాడు.

"ఉలవలు పెడతారామ్మా?" "ఇక్కడ ఎండుగడ్డీ, కాస్త మిక్స్ దాణా అండీ." "ఇంట్లో ఎక్కడ కడతావురా దీన్ని?" ఈ ప్రశ్న కొడుక్కి. లాయంలో పెడతాం నాన్నా, వారానికోసారి వస్తాం అంటాడు. ముసలాయన కళ్యాణి మెడ తట్టి, "వారానికోసారి చూసేదానికి గుర్రమెందుకు? బొమ్మ కొనుక్కో," అనేసి కారు వైపు నడుస్తాడు. మీరు ఇవాళ కలిసినవాళ్ళందరిలో గుర్రం తెలిసిన మనిషి ఆయనే, కొనొద్దన్నదీ ఆయనే.

నాలుగింటికి ఫోను కూడా చెయ్యకుండా ఒకతను వస్తాడు, వెనక ట్రైలర్ తగిలించుకుని. మర్యాదస్తుడు. టోపీ తీసి పలకరిస్తాడు. కంచె అవతలి నుంచే ఒకసారి చూస్తాడు. "బరువెంత ఉంటుంది?" "1,050 పౌన్లు." "5,000, క్యాష్, ఇప్పుడే తీసుకెళ్తా." ఎక్కడు. గిట్టలు ఎత్తడు. పేరు అడగడు. ఎందుకు అమ్ముతున్నారని కూడా అడగడు. రోజంతా అలసిపోయిన మీకు ఆ నోట్ల కట్ట ముచ్చటగానే కనిపిస్తుంది. ఇంతకంటే తేలికైన బేరం పొద్దుట్నుంచీ తగల్లేదు.

అమెరికాలో గుర్రాలు కోసే చివరి కబేళాలు 2007లో మూతపడ్డాయి. రెండు టెక్సస్‌లో, ఒకటి ఇల్లినాయ్‌లోని డికాల్బ్‌లో. ఇల్లినాయ్‌లోనూ ఒక అరోరా ఉంది; మన బాలాజీ గుడి ఉన్న ఆ రెండో అరోరాకి డికాల్బ్ ముప్పై మైళ్ళ దూరం. కబేళాలు పోయాయిగాని వ్యాపారం పోలేదు, లారీలు మెక్సికోకీ కెనడాకీ మళ్ళాయి. న్యాయంగా చెప్పాలంటే 5,000 పెట్టి కబేళాకి ఎవరూ కొనరు. ఇతను బహుశా చేతులు మార్చి లాభం చేసుకునే వ్యాపారి. భయం ఇతని గురించి కాదు. ఇతని తర్వాతివాడు, ఆ తర్వాతివాడు, ఈలోగా ఒక కాలు కుంటుపడితే వేలంలో పౌను లెక్కన కొనేవాడు. బరువు తప్ప ఏమీ అడగని మనిషి ఆ దారికి మొదటి మెట్టు.

"తప్పకుండా," అంటారు మీరు. "సోమవారం బ్రాండ్ ఇన్‌స్పెక్టర్‌ని పిలుస్తాను." కొలరాడోలో గుర్రం యజమాని మారాలంటే, ఒంటి మీద ముద్ర ఉన్నా లేకపోయినా, రాష్ట్ర ఇన్‌స్పెక్టర్ చూసి కాయితం ఇవ్వాల్సిందే. "దాని సంగతి నేను చూసుకుంటాలే," అంటాడు. "లేదండీ, సోమవారమే." మరో 500 పెంచుతాడు. మీరు గేటు గొళ్ళెం మీద చెయ్యి తియ్యరు. కారణాలు చెప్పక్కర్లేదు. మీ గుర్రం, మీ ఇష్టం. ట్రైలర్ ఖాళీగానే వెనక్కి తిరుగుతుంది.

కారెక్కి మీరు చేసే మొదటి పని ఎలిజబెత్ ఆవిడకి ఫోను.

మంగళవారం ఆవిడ తన డాక్టర్ని వెంటబెట్టుకుని వస్తుంది. మీ డాక్టరు పనికిరాడు, అదీ న్యాయమే, ఫీజు ఆవిడదే. గుండె, కళ్ళు, ఒక్కో కాలు మడిచి నిమిషం సేపు పట్టి వదిలిన వెంటనే పరుగు, నొప్పి మందులిచ్చి దాచారేమోనని రక్తం, ఎక్స్‌రేలు. కాగిన్స్ పరీక్ష ఫలితం మీరే చూపిస్తారు. మందు లేని రక్తరోగం అది, ఉందని తేలితే గుర్రాన్ని చంపెయ్యాలి, లేదా బతికినన్నాళ్ళూ వేరుగా ఉంచాలి. ఎక్స్‌రేలో వెనక కుడికాలి కీలు కొంచెం అరిగి కనిపిస్తుంది. ఆ వయసుకి మామూలేనంటాడు డాక్టరు. ఆవిడ మాత్రం "1,500 తగ్గించాలి," అంటుంది.

"శనివారమే చెప్పాను కదండీ. మీ ఫోన్లోనే ఉంది."

ఆవిడ ఫోను తీసి, వేలితో పైకి జరిపి జరిపి, చదువుతుంది. చాలాసేపు చదువుతుంది. చివరికి 8,000 దగ్గర తెగుతుంది. ఆవిడ ఖాతా ఉన్న బ్యాంకుకే ఇద్దరూ వెళ్ళి, మీ కళ్ళముందే చెక్కు రాయిస్తారు. మళ్ళీ అమ్మాల్సివస్తే ముందు మీకే చెప్పాలని ఒప్పందంలో ఒక వాక్యం చేర్పిస్తారు. అది పెద్దగా నిలిచే వాక్యం కాదని మీకూ తెలుసు, అయినా రాయిస్తారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి కళ్యాణి చుట్టూ తిరిగి రంగు, ఆడ, వయసు, నుదుటి చార, నాలుగు తెల్ల కాళ్ళు, ఒక్కోటీ రాసుకుని సంతకం పెడతాడు. కళ్యాణి మొరాయించకుండా ట్రైలర్ ఎక్కుతుంది.

రాత్రి పదకొండింటికి ఫోను టింగుమంటుంది. "నీళ్ళు సరిగ్గా తాగడం లేదు. అక్కడ బకెట్టా, తొట్టా?" కొత్త చోట నీళ్ళు తాగకపోతే కడుపునొప్పి వస్తుందని ఆవిడకి తెలుసు. తొట్టేనని, ఒకటి రెండు రోజులు నీళ్ళలో కొంచెం యాపిల్ జ్యూస్ కలపమని, దాణా తడిపి పెట్టమని మీరు టైపు చేస్తూంటారు. పంపేలోపే ఇంకో ప్రశ్న వచ్చి పడుతుంది.