మందుకు లొంగని గుణం చేతులు మారిన కథ

‘ఈ మందు ఇక మీకు పనిచేయదు’ అని వైద్యుడు చెప్పినప్పుడు, తమ శరీరం ఆ మందుకు అలవాటు పడిందని చాలామంది భావిస్తారు. యాంటీబయాటిక్‌ల విషయంలో మందుకు లొంగకుండా పోయేది శరీరం కాదు, అందులోని బాక్టీరియా. అంతేకాదు, ఒక బాక్టీరియా ఆ గుణాన్ని మరొకదానికి అందించగలదు కూడా. ఈ సంగతి వైద్యలోకానికి ఎలా తెలిసిందో చూద్దాం.

బాక్టీరియా ఒకటి రెండుగా చీలి వృద్ధి చెందుతుంది కనుక, వాటిలో జంటకట్టడమనేది ఉండదని 1940ల వరకు ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయం. 1946లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ టాటమ్‌తో కలిసి జాషువా లెడర్‌బర్గ్ అనే 21 ఏళ్ల యువకుడు ఒక ప్రయోగం చేశారు. కొన్ని పోషకాలను సొంతంగా తయారుచేసుకోలేని రెండు రకాల ఈ.కోలై బాక్టీరియాను తీసుకున్నారు. ఒకదానిలోని లోపం రెండవదానిలో లేదు. రెండింటినీ కలిపి పెంచగా, ఆ పోషకాలేవీ అందకపోయినా బతకగలిగినవి సుమారు కోటికి ఒకటి చొప్పున కనిపించాయి. జన్యువులు చేతులు మారాయన్నమాట. 1950లో బెర్నార్డ్ డేవిస్ ఆ రెండు రకాల మధ్య బాక్టీరియా దాటలేని వడపోతను అడ్డుపెట్టారు. ద్రవం అటూ ఇటూ పారినా కొత్తరకం పుట్టలేదు. కణాలు ఒకదానినొకటి తాకవలసిందేనని తేలింది. ఈ కలయికకే సంయుగ్మమని పేరు. లెడర్‌బర్గ్‌కు 1958లో నోబెల్ బహుమతి లభించింది.

అప్పటికి ఇది ప్రయోగశాలకే పరిమితమైన విషయం. దానిని రోగి మంచం దాకా తెచ్చింది జపాన్. యుద్ధానంతరం ఆ దేశంలో షిగెల్లా అనే బాక్టీరియా వల్ల కలిగే రక్తవిరేచనాలు విపరీతంగా ప్రబలాయి. మొదట సల్ఫా మందులు, అవి విఫలమయ్యాక స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ వాడారు. 1950ల మధ్యనాటికి ఈ నాలుగింటికీ ఒకేసారి లొంగని షిగెల్లా కనిపించసాగింది.

వైద్యులకు ఇది అంతుపట్టలేదు. యాదృచ్ఛికంగా జన్యువు మారి ఒక మందుకు నిరోధకత రావడమే అరుదు. అలాంటి నాలుగు మార్పులు ఒకే కణంలో కలిసిరావడం దాదాపు అసంభవం. పైగా ఒక్క మందు మాత్రమే వాడిన రోగుల్లోనూ నాలుగింటికీ లొంగని షిగెల్లా బయటపడింది. అదే రోగుల పేగుల్లో సహజంగా నివసించే ఈ.కోలైలో కూడా అదే నిరోధకత కనిపించింది.

1959లో తోమోఇచిరో అకిబా, కునితారో ఒచియాయి అనే శాస్త్రజ్ఞులు వేర్వేరుగా ఈ చిక్కుముడిని విప్పారు. మందులకు లొంగని ఈ.కోలైని, లొంగే షిగెల్లాతో కలిపి పెంచితే, షిగెల్లాకు ఆ నాలుగు నిరోధకతలూ ఒక్కసారిగా సంక్రమించాయి. ఈ పరిశోధనలు ఎక్కువగా జపనీస్ భాషలోనే వెలువడ్డాయి. 1963లో త్సుతోము వతనబే ఆంగ్లంలో రాసిన సమీక్షా వ్యాసంతో మిగతా ప్రపంచం వీటిని పట్టించుకుంది.

జరిగేది ఇదీ. నిరోధక జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయంపై ఉంటాయి. దాత కణం సన్నని నూలుపోగు వంటి నిర్మాణంతో పొరుగు కణాన్ని పట్టుకొని దగ్గరకు లాక్కుంటుంది. వలయంలోని రెండు పోగుల్లో ఒకటి అవతలికి వెళుతుంది. రెండు కణాలూ తమ వద్ద లేని పోగును తయారుచేసుకుంటాయి. దాత ఏమీ కోల్పోదు, గ్రహీత తానూ దాత అవుతుంది.

మన దేశానికీ ఆ అనుభవం తప్పలేదు. 1948 నుంచి టైఫాయిడ్‌కు క్లోరాంఫెనికాల్ దివ్యౌషధంగా నిలిచింది. 1972లో కేరళలోని కోజికోడ్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ ప్రబలింది. ఆ నిరోధకత కూడా ఒక కణం నుంచి మరొక కణానికి బదిలీ కాగలదని పరీక్షల్లో తేలింది.

జలుబుకు అనవసరంగా మింగిన యాంటీబయాటిక్ ఆ జలుబు వైరస్‌ను ఏమీ చేయదు. పేగులోని మందుకు లొంగే బాక్టీరియాను చంపి, లొంగని వాటికి చోటిస్తుంది. రేపు ప్రమాదకరమైన బాక్టీరియా లోపలికి వస్తే, కావలసిన ఆయుధం దానికి అక్కడే దొరకవచ్చు. అందుకే మందు పట్టీపై నిలువు ఎర్రగీత ఉంటే, వైద్యుడి చీటీ లేకుండా వాడకండి. మిగిలిపోయిన మాత్రలను ఇంట్లో మరొకరికి ఇవ్వకండి. చేతుల శుభ్రత, సురక్షితమైన నీరు, టీకాలు జబ్బునే రానీయకపోతే, యాంటీబయాటిక్ అవసరమే పడదు.