గేర్‌బాక్సులో తిమింగలం

1960ల నాటి అమెరికన్ కారుని ఇంటి షెడ్డులో స్టాండ్ల మీద నిలబెట్టి, దాని ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ శుభ్రం చేద్దామని కూర్చుంటే ముందు ఎదురయ్యేది నూనె. ఆ కాలపు జనరల్ మోటార్స్ గేర్‌బాక్సుల్లో చాలావాటికి నూనె వదలడానికి బిరడా ఉండదు. అడుగున ఉన్న రేకు పాన్‌ని బోల్టులు విప్పి దించాల్సిందే. ఎంత జాగ్రత్తపడ్డా కొంత నూనె మోచేతుల దాకా కారుతుంది. ఆ నూనె కథ సముద్రంలో మొదలవుతుంది.

పాన్ దించాక కడగడం తర్వాత, ముందు చూడాలి. ఎర్రగా ఉండాల్సిన నూనె గోధుమరంగుకి తిరిగి మాడు వాసన వేస్తోందంటే క్లచ్‌లు బాగా వేడెక్కాయన్నమాట. అడుగున పలచగా బూడిదరంగు మడ్డి ఉంటే కంగారక్కర్లేదు, అది ఏళ్ళ అరుగుదల. నల్లటి పెచ్చులు కనిపిస్తే క్లచ్ ప్లేట్ల మీది పూత ఊడుతోంది. వేలికి గుచ్చుకునే ఇనుప తునకలు దొరికాయా, ఇక ఫిల్టర్ మార్చి మూసేసి లాభం లేదు, మొత్తం విప్పాలి.

పాన్‌కి పైన వాల్వ్ బాడీ ఉంటుంది. లోహంలో చెక్కిన సన్నటి కాలవలు, స్ప్రింగులు, చిన్న చిన్న బంతులు. కారు వేగంతో పాటు పెరిగే నూనె ఒత్తిడి ఒక వాల్వుని ఒకవైపు నుంచి తోస్తుంది. ఇంజన్ మీది భారాన్ని బట్టి మారే ఒత్తిడి రెండోవైపు నుంచి తోస్తుంది. మొదటిది గెలిస్తే పై గేరు పడుతుంది. చిప్ లేకుండా, నూనెతో రాసిన ఇఫ్-ఎల్స్ ఇది. అందుకే ఇక్కడ ఒక్క నూలుపోగు ఇరుక్కున్నా ప్రోగ్రాం తప్పుతుంది. కడిగిన ప్రతి వాల్వూ తన బరువుకే జారాలి. ఏ బంతి ఎక్కడిదో విప్పకముందే ఫోటో తీసుకోవాలి.

ఈ ఏర్పాటుని భారీ ఎత్తున అమ్మిన మొదటి గేర్‌బాక్స్ హైడ్రా-మాటిక్. ఎర్ల్ థాంప్సన్ బృందం రూపొందించగా, 1939 చివర్లో 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌తో బయటికొచ్చింది. యుద్ధకాలంలో ఎం5 స్టువర్ట్ లాంటి తేలిక ట్యాంకుల్లోకీ వెళ్ళింది. 1949లో జనరల్ మోటార్స్ ఈ పెట్టెల నూనెకి టైప్ ఏ అనే ప్రమాణం పెట్టింది.

ఆ నూనె మీద పెట్టిన బాధ్యత విచిత్రమైనది. క్లచ్ పడేటప్పుడు ప్లేట్లు కాస్త జారాలి, పడ్డాక గట్టిగా పట్టుకోవాలి. ఈ రెంటి మధ్యా కుదుపు రాకూడదు. దీనికి బాగా సరిపోయిన పదార్థం స్పెర్మ్ వేల్ నూనె. మనం వంటకి వాడే నూనెల్లా కాక అది చాలావరకు ద్రవరూపంలో ఉన్న మైనం. ఉక్కుకి పట్టుకుంటుంది, వేడికి తట్టుకుంటుంది. మెల్విల్ 1851లో మోబీ డిక్ అచ్చువేసేనాటికి ఆ నూనెతో దీపాలు వెలిగేవి. కిరోసిన్ వచ్చాక దీపాల పని పోయింది. వందేళ్ళ తర్వాత, కాఫీ ఒలకకుండా గేరు మారాలన్న కోరిక దాన్ని మళ్ళీ పనిలో పెట్టింది.

1970లో అమెరికా స్పెర్మ్ వేల్‌ని అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది. కంపెనీలు కొత్త రసాయనాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ మార్పు నున్నగా జరగలేదు. తిమింగలం లేకుండా వచ్చిన తొలితరం డెక్స్‌రాన్-టూ కూలర్ల టంకాన్ని తినేస్తోందని తేలి, దాన్ని మళ్ళీ సరిచేశారు. ఎడారి మొక్క జొజోబా గింజల నూనె కూడా ద్రవ మైనమే కాబట్టి పరిశోధకులు అటూ చూశారు. చివరికి గేర్‌బాక్సులు తిరుగుతూనే ఉన్నాయి. నాకు ఇందులో ఇబ్బందిగా తోచేది ఇదే. తిమింగలం తప్పనిసరేం కాదు, చవగ్గా దొరికింది, అంతే. వేరే దారి వెతకమని చట్టం చెప్పేదాకా ఆ వెతుకులాట ఎవరికీ అత్యవసరం అనిపించలేదు.

ఇంట్లో ఈ పని చేసేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది. పాన్ దించితే వచ్చేది మొత్తం నూనె కాదు. చాలా భాగం టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. పూర్తిగా ఎప్పుడూ విప్పని పాత గేర్‌బాక్సులో కొత్త నూనె ఎన్నిసార్లు పోసినా పాతది పలచబడుతుందే తప్ప ఒక్కసారిగా పోదు. మోచేతి దాకా కారిన ఆ ఎరుపుని తుడిచేముందు ఒక్క క్షణం చూడొచ్చు.