గేరుమీట దిక్కు మారిన చరిత్ర

కర్నూలు, కడప దారులలో బుల్లెట్ మోటారుసైకిలు చప్పుడు ఎరుగనివారు అరుదు. 1955లో మద్రాసున ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా వారి ఆ పాత బండిలో గేరుమీట కుడికాలికి ఉండేది. పైకెత్తితే మొదటి గేరు, నొక్కుతూపోతే పై గేర్లు. 1974 సెప్టెంబరు నుండి అమెరికాలో అమలైన నిబంధన దీనికి తలక్రిందులు: మీట ఎడమకాలికి, ఎత్తితే పై గేరు. తరువాత బుల్లెట్ కూడ ఆ పద్ధతికే మారినది.

నిజమునకు గేరుపెట్టెకు ఈ దిక్కు ముఖ్యము కాదు. కొన్ని బండ్లలో మీటనుండి ఒక కడ్డీ వచ్చి, గేరు ఇరుసుకు బిగించిన చిన్న చేతిని కదుపుతుంది. ఆ చేతిని ఇరుసుకు అవతలివైపు త్రిప్పి బిగిస్తే క్రమము తారుమారవుతుంది. పందెపు బండ్లలో ఇట్లే చేస్తారు. ఎడమకు బాగా వాలినప్పుడు పై గేరుకై పాదమును మీటక్రింద దూర్చనక్కరలేదు.

కాని ఈ మార్పు తెలియనివాడు, పై గేరనుకొని వేగములో క్రింది గేరు వేస్తే, వెనుకచక్రము పట్టివేసి బండి జారవచ్చు. అందుచేత అట్టి బండిని అరువిచ్చేటప్పుడు ఆ సంగతి ముందుగా చెప్పవలె.