చిల్లి బకెట్టులో కుంపటి

అన్నదమ్ములు విడిపోతే ‘వేరు కుంపటి పెట్టారు’ అంటారు తెలుగువాళ్లు. పార్టీలు చీలినా పత్రికలకు అదే మాట. మట్టి పొయ్యి నేలను వదలదు, కుంపటి మాత్రం మనిషి వెంట నడుస్తుంది. నుడికారం దాన్ని పట్టుకోవడంలో ఆశ్చర్యమేముంది!

కంసాలి ముందు ఊదుగొట్టం, పట్టకారుల పక్కన ఉండేదీ, బాలింత గదిలో సాంబ్రాణి వేసేదీ కుంపటే. పట్నాల్లో అద్దె కాపురాలు పెరిగాక వంటకూ అదే దిక్కయింది. అద్దె గది గచ్చు మీద పొయ్యి వేస్తానంటే ఇంటివాళ్లు ఒప్పుకుంటారా?

కొనలేనివాళ్లు ఇంట్లోనే చేసుకునేవారు. అడుగు చిల్లిపడిన ఇనప బకెట్టు చాలు. కింది భాగంలో బెత్తెడు కిటికీ కోసి, దానిపైన ఇనప ఊచలు అడ్డంగా బిగిస్తారు. పుట్టమన్నులో ఊక కలిపి, నీళ్లు చల్లి, కాళ్లతో బాగా తొక్కి, రెండు వేళ్ల మందాన లోపల మెత్తుతారు. పైన వెడల్పుగా, ఊచల దగ్గర ఇరుకుగా ఉండాలి, అప్పుడే బొగ్గులు నడుమకు జారతాయి. అంచున గిన్నె నిలవడానికి మూడు గుబ్బలు. నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే మట్టి నెర్రెలు విచ్చుతుంది. ఆ మట్టి పూతే అసలు పనితనం. వేడిని లోపలే నిలుపుతుంది, రేకును కాలిపోనివ్వదు. కిటికీలోంచి గాలి వెళుతుంది, బూడిద రాలుతుంది. ఆ బూడిదతోనే అంట్లు తోముకునేవారు. రేకు ముక్కతో కిటికీ సగం మూస్తే మంట తగ్గేది.

పెరట్లో కొబ్బరి పీచుతో రాజేసి, విసనకర్రతో విసిరి, పొగ పోయాకే కుంపటిని వసారాలోకి తెచ్చేవారు. పొగ పోయినా బొగ్గుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగూ వాసనా లేవు. తలుపులు మూసిన గదిలో అది ప్రాణాలే తీస్తుంది.

బొగ్గు చవకేమీ కాదు. పాత పద్ధతి బట్టీలో కిలో బొగ్గు కావాలంటే నాలుగైదు కిలోల కట్టె కాలాలి. అందుకే బస్తా అడుగున మిగిలిన పొడిని కూడా పారేయక, పేడతో కలిపి ఉండలు చేసి ఎండబెట్టేవారు.

1950లలో హైదరాబాద్‌లో ఇంజనీర్ ఎస్.పి. రాజు పొగగొట్టం ఉన్న పొగలేని పొయ్యిని రూపొందించారు. ఆడవాళ్ల కళ్లకూ ఊపిరితిత్తులకూ అది గొప్ప మేలు తలపెట్టిన పని. కానీ అది కట్టినచోటే ఉండే పొయ్యి, గది మారే కాపురం వెంట రాదు. కుంపటిని వంటింట్లోంచి పంపింది కిరసనాయిలు స్టవ్వు, ఆ తర్వాత గ్యాసు. 1955లో బొంబాయిలో మొదలైన వంటగ్యాసు, 1999 నాటి దీపం పథకంతో ఆంధ్రప్రదేశ్ పల్లెల పేద ఇళ్లకూ చేరింది.

వాన పడుతున్న సాయంత్రం మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర కుంపటి ఇంకా కనిపిస్తుంది. బండామె ఒక చేత్తో పొత్తు తిప్పుతూ, రెండో చేత్తో విసనకర్ర ఆడిస్తుంటుంది.