మణుగూరు వేడినీరు: బొగ్గునేలలో భూతాపశక్తి పరిశోధన

1871లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు సమీపంలో బొగ్గును గుర్తించడంతో ఖమ్మం అటవీప్రాంత చరిత్ర మలుపు తిరిగింది. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. గోదావరి లోయ భూగర్భాన్ని గురించిన జ్ఞానంలో అధికభాగం బొగ్గు అన్వేషణకు వేసిన బోరుబావులనుండే సమకూరింది. ఆ అన్వేషణలో ఎదురైన వేడినీరు మాత్రం చాలాకాలం ఉపేక్షితంగానే ఉండిపోయింది.

ఈ వేడికి అగ్నిపర్వతాలతో సంబంధం లేదు. వర్షపునీరు పొరల పగుళ్లవెంట లోతుకు ఇంకి, అక్కడి తాపంతో వేడెక్కి, మరో పగులుదారిన పైకి వస్తుంది. శాస్త్రజ్ఞులకంటే ముందే స్థానికులు దీనిని ఎరుగుదురు. భద్రాచలం సమీపాన గుండాల వద్ద గోదావరి ఒడ్డున చెలమ తీస్తే వేడినీరు ఊరుతుంది. శీతకాలంలో త్రిమూర్తులు ఇక్కడ స్నానమాడేవారని స్థలవిశ్వాసం. తెలుగు ఊరిపేర్లలో ‘బుగ్గ’ ఊటకు, ‘గుండం’ మడుగుకు గుర్తు. స్థలనామ పరిశోధన భాషాశాఖలకే పరిమితమైపోయింది గానీ, భూవిజ్ఞాన క్షేత్రపరిశీలనకు అది తొలి ఆధారం కాగలదు.

మణుగూరు ప్రాంతంలోని పగిడేరులో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక భూతాప విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. మరుగుస్థానానికి చేరని నీటి ఆవిరితో టర్బైను తిరగదు. అందువల్ల ఆ నీటి వేడిని తక్కువ ఉష్ణోగ్రతకే మరిగే సేంద్రియ ద్రవానికి అందించి, దాని ఆవిరితో టర్బైనును తిప్పుతారు. ఆ ద్రవం చల్లబడి తిరిగి అదే వలయంలో చేరుతుంది. ఉష్ణగతిశాస్త్రం ఇక్కడ కఠినంగానే ఉంటుంది. నీరు 70 డిగ్రీలు, పరిసరాలు 30 డిగ్రీలు అనుకుంటే ఆదర్శ సామర్థ్యమే 12 శాతానికి లోపు. ఆచరణలో ఇంకా తక్కువ. మణుగూరు పరిసరాల్లోనే ఉన్న భద్రాద్రి థర్మల్ కేంద్రం సామర్థ్యం 1080 మెగావాట్లు, అంటే దీనికి 54,000 రెట్లు. ఈ పోలికతో ప్రయోగాన్ని కొట్టివేయడం తొందరపాటే. ఎండతో, గాలితో నిమిత్తం లేకుండా 20 కిలోవాట్లు రోజంతా అందితే 480 యూనిట్లు. విద్యుత్తు తీసిన తరువాత కూడా నీటిలో మిగిలే వేడి పంటల ఆరబోతకు పనికివస్తుంది. దీనిని లెక్కించవలసింది వ్యవసాయశాస్త్రం. విద్యుత్ ఇంజనీరింగు ఒక్కటే చాలదు.

అసలు చిక్కు నేల హక్కుది. ఈ ప్రాంతంలో అధికభాగం ఐదవ షెడ్యూలు పరిధిలోనిది. 1970 నాటి 1/70 చట్టం, 1997 నాటి సమతా తీర్పు షెడ్యూల్డు భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకట్ట వేశాయి. ప్రభుత్వరంగ సంస్థలకు ఆ తీర్పు దారి మూయలేదు. అయితే 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీహక్కుల చట్టం గ్రామసభను విస్మరించనివ్వవు. బొగ్గు వచ్చిన రోజుల్లో కోయగూడేలను ఎవరూ అడగలేదు. వేడినీటిని ఎంత తోడాలి, తిరిగి భూమిలోకి ఎక్కడ పంపాలి, చుట్టుపక్కల బావులు ఏమవుతాయి అన్న ప్రశ్నలు ఇప్పుడు గ్రామసభలో కోయభాషలోనూ చర్చకు రావాలి. పరిశోధన ప్రతిపాదనల్లో ఆ అనువాదానికి వ్యయపద్దు ఉండాలి.