చచ్చిపోయిందని ఎవరికీ తెలియని చెట్టు

ఈ ఎపిసోడ్‌లో నేను చెప్పబోయేది ఒక స్ప్రూస్ చెట్టు చరిత్ర. స్ప్రూస్ అంటే చలి ప్రాంతాల్లో పెరిగే, సూదుల్లాంటి ఆకులుండే చెట్టు. మన హిమాలయాల్లోనూ ఒక రకం ఉంది. కానీ ఈ కథ జరిగింది అమెరికాలో, లూసియానాలోని ట్యునికా కొండల దగ్గర.

అక్కడి మట్టిలో మంచుయుగం నాటి ఆకులు, కోన్‌లు, కలప దొరికాయి. 1938లో క్లెయిర్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త వాటిలో స్ప్రూస్‌ని గుర్తించి, అది వైట్ స్ప్రూస్ అని రాశారు. చిక్కంతా ఇక్కడే. వైట్ స్ప్రూస్ కెనడా, అలాస్కా లాంటి చలి ప్రాంతాల చెట్టు. మరి అంత దక్షిణాన దానికేం పని? పైగా దాని పక్కనే ఓక్ లాంటి, అంత చలి అక్కర్లేని చెట్ల అవశేషాలూ ఉన్నాయి.

అసలు శిలాజాన్ని చూసి స్ప్రూస్ అని ఎలా చెప్తారు? సూది ఆకు రాలిపోయాక కొమ్మ మీద చిన్న బొడిపె మిగులుతుంది. ఆకుని అడ్డంగా కోస్తే చాలా రకాల్లో నాలుగు పలకలు కనిపిస్తాయి. కోన్ మొత్తంగా కింద పడుతుంది. అదే ఫర్ చెట్టు కోన్ అయితే కొమ్మ మీదే పొలుసులు పొలుసులుగా విడిపోతుంది. ఇంతవరకూ ఈజీనే. ఏ స్ప్రూస్ అని తేల్చడమే కష్టం. పుప్పొడి ఒక్కటే చూసి తేల్చడం ఇంకా కష్టం.

విలియం క్రిచ్‌ఫీల్డ్ అనే అటవీ జన్యుశాస్త్రవేత్తకి అనుమానం వచ్చింది: ఇది వేరే జాతేమో అని. 1999లో స్టీఫెన్ జాక్సన్, చెంగ్యూ వెంగ్ సూదుల లోపలి నిర్మాణాన్ని, కోన్‌లనీ ఇప్పుడు బతికున్న స్ప్రూస్‌లతో పోల్చి చూశారు. కోన్‌లు వైట్ స్ప్రూస్ వాటికంటే పెద్దవి. సూదులూ సరిపోలేదు. అది అంతరించిపోయిన జాతి అని తేల్చి, క్రిచ్‌ఫీల్డ్ పేరు మీదే పైసియా క్రిచ్‌ఫీల్డీ అని పేరు పెట్టారు.

చూడండి, ఇది ఏదో మూలన ఉన్న అరుదైన చెట్టు కాదు. అమెరికా ఆగ్నేయ ప్రాంతంలో విస్తారంగా ఉండేది. మంచుయుగం చివర్లో వాతావరణం వేగంగా మారుతున్న కాలంలో మాయమైంది. మామత్‌లు పోయాయని అందరికీ తెలుసు. చెట్లు మాత్రం మెల్లగా ఉత్తరానికి జరిగి బతికిపోయాయనే చాలామంది అనుకున్నారు. అలా జరగలేక పోయిన చెట్టు పేరు మార్చుకుని 61 ఏళ్లు బతికున్న వాటి లెక్కలో కూర్చుంది. అందుకే నేనంటాను, పేరు పెట్టడం చిన్న పని కాదు. సరైన పేరు లేకపోతే పోయినదాన్ని పోయిందని కూడా గుర్తించలేం.